నాయ్‌నా అన్న మాట

ఆదివారం పొద్దున ఊరంతా ఇంకా దుప్పటి ముసుగులో ఉండగానే దీనమ్మ ఫుట్‌బాల్ మైదానం పక్కన నిలబడి ఉంటుంది. అటు దూరంగా ఎష్‌బోర్న్ పట్టణపు ఆఫీసుల అద్దాలు, ఇటు కొండవాలు మీద ఆపిల్ చెట్లు, మధ్యలో ఈ గడ్డి. గడ్డి చుట్టూ నడుమెత్తు ఇనుప కడ్డీ. ఆ కడ్డీ మీద రెండు చేతులూ ఆనించి, మెడకు ఉన్ని మఫ్లరు చుట్టుకుని ఈమె. వానైనా మంచైనా అదే చోటు, మూల జెండాకు కాస్త ఇవతల. సగం ఆటయ్యాక జట్లు వైపులు మార్చుకుంటే, ఈమె కూడా మైదానం చుట్టూ గబగబా నడిచి అవతలి జెండా దగ్గరకు మారుతుంది. కొడుకు దాడికి వెళ్లే పక్కన తాను లేకపోతే ఆట జరగదన్నట్టు.

కొడుకు పేరు జోనా. పదహారేళ్లవాడు. ఊరి క్లబ్బు కుర్రాళ్ల జట్టులో ఎడమ పక్క ఆడతాడు. మనిషి పొట్టి, కాళ్లు చురుకు. ఆ ఏడాది జట్టు కొట్టిన గోల్స్‌లో సగానికి పైగా వాడివే. ఇది తల్లి గొప్పకు చెప్పుకునే మాట కాదు, చుట్టుపక్కల ఊళ్ల గోల్‌కీపర్లను నిద్రలేపి అడిగినా చెబుతారు.

దీనమ్మ వృద్ధాశ్రమంలో నర్సు. బాపట్లలో నర్సింగ్ చదివింది. భర్త రూఫస్‌కు ఎష్‌బోర్న్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం దొరికాక ఆరేళ్ల పిల్లాడి చెయ్యి పట్టుకుని జర్మనీ వచ్చింది. జర్మన్ పరీక్ష ఒకసారి తప్పి, ఏడ్చి, మళ్లీ కూర్చుని గట్టెక్కింది. ఇప్పుడు వారమంతా ఆమె నోట జర్మనే. లేవండి, ఇటు తిరగండి, మాత్ర మింగారా, కిటికీ మూసేదా. ఇంటికొచ్చి తెలుగులో ఒకటడిగితే కొడుకు జర్మన్‌లో అర ముక్క జవాబిస్తాడు. రూఫస్ చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని మీటింగులో ఉంటాడు. చెప్పుకోవాలనుకున్న మాటలు పడుకునే వేళకు ఆమెతోపాటే అలిసిపోతాయి.

ఆదివారం మాత్రం దీనమ్మ గొంతు విప్పుతుంది. జోనా కాలికి బంతి తగలబోతోందంటే చాలు.

"నాయ్‌నా! నాయ్‌నా! అట్టా పో నాయ్‌నా! వదలమాక!"

ఆమెను వాళ్ల నాన్న అలాగే పిలిచేవాడు. కరెంటు ఆఫీసులో లైన్‌మన్ ఆయన. సాయంత్రం నర్సింగ్ హాస్టలు గేటు ముందు సైకిలు ఆపి, వాచ్‌మన్‌ను కూడా అడక్కుండా, "నాయ్‌నా" అని ఒక్క కేక వేస్తే మూడో అంతస్తులో ఉన్న దీనమ్మ చెప్పులు కూడా వేసుకోకుండా దిగొచ్చేది. ఆ వైపు కూతురినైనా కొడుకునైనా ముద్దొస్తే అదే పిలుపు. ఆయన పోయాక ఆమెను అలా పిలిచేవాళ్లు లేరు. అందుకే కాబోలు, కొడుకు మీద ఆ మాటను అంత గట్టిగా వాడేది.

పిలుపు వినగానే జోనా ఎడమ చెయ్యి పైకి లేస్తుంది. తిరిగి చూడడు. చెయ్యి లేపుతాడు, దించుతాడు, పరుగెత్తుతాడు. కోచ్ హోల్గర్‌కు అది నచ్చదు. "బంతి నీ దగ్గరికే వస్తుంటే ఇంకెవర్ని అడుగుతున్నావు రా?" అని పదేళ్లుగా కసురుతూనే ఉన్నాడు. పదేళ్లుగా ఆ చెయ్యి లేస్తూనే ఉంది. బంతి కోసం అడగడం వాడికి చిన్నప్పుడు అబ్బిన అలవాటని దీనమ్మ కూడా అనుకుంది.

ఆమె పక్కన ఎవరూ నిలబడరు. మిగతా తల్లిదండ్రులు క్లబ్బు గది ముందు కాఫీ కప్పులతో గుంపుగా చేరతారు. వాళ్లకూ ఈమెకూ మధ్య ఒక లారీ పట్టేంత ఖాళీ. మర్యాదకు లోటు లేదు, తలూపి పలకరిస్తారు. అంతే, మళ్లీ ఎటువాళ్లటు. మొదట్లో దీనమ్మ తన కోటు తాలింపు వాసన వస్తోందేమోనని దాన్ని వంటింటికి దూరంగా బాల్కనీలో తగిలించింది. తర్వాత ఒళ్లు రంగేమోనని కొన్నాళ్లు బాధపడింది. ఒకసారి క్లబ్బు పండగకు కొబ్బరి కేకు చేసుకుపోయింది. అందరూ తిన్నారు, బాగుందన్నారు, వెనక్కి జరిగారు. లెనార్ట్ అనే పొడుగు కుర్రాడి తల్లి, కాత్రిన్, మాత్రం ఓసారి దగ్గరకొచ్చి భుజం తట్టి, "బాగానే ఆడుతున్నాడు కదా, వాణ్ణి కాస్త వదిలెయ్యి" అంది. వదిలెయ్యడమేమిటో దీనమ్మకు అర్థం కాలేదు. నవ్వేసి ఊరుకుంది.

పోనీ సొంతవాళ్లున్నారా అంటే, ఫ్రాంక్‌ఫర్ట్‌లో తెలుగు ఆరాధన కూడా సరిగ్గా ఆ వేళకే. రూఫస్ అక్కడ కీబోర్డు వాయించాలి, మానడానికి లేదు. "ఒకరం దేవుడి దగ్గర, ఒకరం వాడి దగ్గర. పంచుకుందాంలే" అన్నాడు. పంపకం బాగానే ఉంది కానీ, క్రిస్మస్‌కు వెళ్తే సిస్టర్లంతా చుట్టూ చేరి, "దీనమ్మ సిస్టర్, మీ కోసం ప్రేయర్‌లో పెడతన్నామండీ" అంటారు, ఈమెకేదో జబ్బు చేసినట్టు. అక్కడ ఆమె రానిమనిషి, ఇక్కడ ఆమె కానిమనిషి.

ఆ వసంతంలో మైదానానికి స్కౌట్ రావడం మొదలుపెట్టాడు. పెద్ద క్లబ్బులకు సొంత అకాడమీలుంటాయి. హాస్టలు, చదువు, ఆట అన్నీ వాళ్లే చూసుకుంటారు. అందులో చేరే పిల్లల్ని వెతికే మనిషే స్కౌట్. బూడిదరంగు జాకెట్టు వేసుకుని, ఎవరితోనూ మాట్లాడకుండా, ముఖం గోడలా పెట్టుకుని చూసిపోతాడు. ఆయన జాకెట్టు కనిపించినప్పుడల్లా దీనమ్మ కేక ఇంకాస్త పెరిగేది. ఎందుకంటే జోనా వంటింట్లో ఫ్రిజ్ తలుపు పట్టుకుని, జర్మన్ పిల్లల్లా అమ్మను మామా అంటూ, ముందే చెప్పేశాడు.

"మామా, ఈసారి పిలవకపోతే ఇక అయిపోయినట్టే. పదహారు దాటితే ఎవరూ చూడరు. ఔస్‌బిల్డుంగ్‌కి అప్లై చేస్తా. కరెంటు పని నేర్చుకుంటా."

"కరెంటు పనికేం నాయ్‌నా, మీ తాత చేసిందేగా" అంది దీనమ్మ. కానీ వాడి ముఖం చూసి, గబగబా అన్నం వడ్డించే పనిలో పడింది. ఏడేళ్లప్పటి నుంచి వాడు బంతి పక్కన పెట్టుకునే పడుకుంటున్నాడు.

గోల్స్ కొట్టేవాణ్ణే తీసుకుంటారని దీనమ్మ నమ్మకం. పాపం, మార్కులు చూసి సీటిచ్చే చోటు నుంచి వచ్చిన మనిషి. అంతకన్నా ఏం అనుకుంటుంది? ఆ ఆదివారం జోనా రెండు కొట్టాడు. ఒకటి కుడికాలితో, అదీ ముగ్గుర్ని దాటి. దీనమ్మ గొంతు బొంగురుపోయింది. ఆట అయ్యాక స్కౌట్ నేరుగా వెళ్లి లెనార్ట్‌తో మాట్లాడాడు. లెనార్ట్ మంచి పిల్లాడే, కాదనలేం. కానీ ఆ రోజు వాడి కాళ్ల మధ్య నుంచే అవతలివాళ్లు ఒక గోల్ కొట్టిపోయారు. వాడికి పిలుపొచ్చింది.

దీనమ్మకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లలో మొదటిసారి కడ్డీ దాటి లోపలికి నడిచి, గుర్తులకు పెట్టిన ప్లాస్టిక్ కోన్లు ఏరుకుంటున్న హోల్గర్ ముందు నిలబడింది.

"మావాడిలో ఏం లోటు?" అని జర్మన్‌లో అడిగేసింది.

హోల్గర్ వారమంతా ఇళ్లల్లో హీటర్లు బాగుచేస్తాడు, ఆదివారాలు పిల్లలకిస్తాడు. మొహమాటస్తుడు. కోన్లు ఒకదాంట్లో ఒకటి దూరుస్తూ చెప్పాడు.

"గోల్స్ ఎవరూ చూడరు డీనా. ఈ లీగులో ఎవరైనా కొడతారంటారు. వాళ్లు చూసేది మూడేళ్ల తర్వాత ఒళ్లెలా ఉంటుందో. జోనా డిసెంబరులో పుట్టాడు, లెనార్ట్ జనవరిలో. ఒకే జట్టు కానీ దాదాపు ఏడాది తేడా. వాడు ఎదిగిపోయాడు, వీడింకా ఎదగాలి. పొడుగు మనం నేర్పలేం, మిగతావన్నీ నేర్పుకోవచ్చు అంటారు. పైగా వీడు గట్టివాళ్లతో ఆడితే కదా ఎంతటివాడో తెలిసేది. ఇక్కడ ఎవరున్నారు?"

"అంతేనా?"

హోల్గర్ నేల చూశాడు. "ఇంకొకటి. ఈ అకాడమీలవాళ్లు తల్లిదండ్రుల్ని కూడా చూస్తారు. ఆయన అడిగాడు, ఆ తల్లి ఎప్పుడూ ఇంతేనా అని. ఆమె మంచి మనిషే అని చెప్పాను నేను."

"ఎప్పుడూ ఇంతేనా అంటే?"

"అదే, నువ్వు అరుస్తావు కదా. వాడికి బంతి అందగానే నైన్, నైన్ అని. గోల్ కొట్టినా నైనే. చిన్నప్పటి నుంచీ చూస్తున్నాం. మీ పద్ధతేమో అనుకుని ఎవరం కల్పించుకోలేదు."

నైన్ అంటే జర్మన్‌లో వద్దు. కాదు. కూడదు.

దీనమ్మకు ముందు నవ్వొచ్చింది. ఫక్కున నవ్వబోయి, ఆ నవ్వు సగంలోనే ఆగిపోయింది. "నాయ్‌నా" అని తనలో తనే చిన్నగా అనుకుని చూసింది. నాయ్‌నా. నైన్, ఆ. ఈ భాషలో పరీక్ష రాసి, ఈ భాషలో ముసలివాళ్లకు మందులిచ్చి, ఈ భాషలో కలలు కూడా కనే మనిషికి తన నోటి మాట పక్కవాళ్ల చెవిలో ఎలా పడుతోందో తట్టనే లేదు. మన పిలుపును మనం పరాయి చెవితో ఎప్పుడు వింటాం గనక.

"అది నైన్ కాదు హోల్గర్. నాయ్‌నా. మా భాష. అంటే..." అని ఆగిపోయింది. జర్మన్‌లో దానికి మాట వెతికింది. నాన్న అంటే సరిపోదు, బంగారం అంటే సరిపోదు. "అంటే, నా పిల్లాడా అని. ముద్దుగా."

హోల్గర్ చెవుల దాకా ఎర్రబడ్డాడు. "అయ్యో దేవుడా" అని కోన్లు కింద పెట్టేశాడు. స్కౌట్‌తో మాట్లాడతానని, ఎలాగైనా ఇంకోసారి రప్పిస్తానని మాటిచ్చాడు.

ఇంటిదాకా బండి నడుపుతుంటే ఒక్కొక్కటే గుర్తొచ్చింది. లారీ పట్టేంత ఖాళీ. భుజం తట్టిన కాత్రిన్. ఒకసారి జోనా గోల్ కొట్టాక వాడి దగ్గరకెళ్లి తల నిమిరి, తన వైపు కోపంగా చూసిన ముసలాయన. కొడుకును ఎందులోనూ మెచ్చుకోని రాక్షసి తల్లి. పదేళ్లుగా ఈ ఊళ్లో తన పేరు అదన్నమాట. బాల్కనీలో తగిలించిన కోటు గుర్తొచ్చి కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

రూఫస్ విని పగలబడి నవ్వాడు. ఆమె ముఖం చూసి నాలిక కరుచుకున్నాడు.

"నాకూ తట్టలేదే దీనా. రోజూ వినేవాణ్ణే."

"నువ్వొక్క ఆదివారం వస్తే తట్టేదేమో. నీ కీబోర్డు నీది."

అంది గానీ, తప్పు తనదేనని దీనమ్మ తీర్మానించేసుకుంది. పొట్టితనం మార్చలేదు, డిసెంబరును జనవరి చెయ్యలేదు. నోరు మాత్రం తన చేతిలో ఉంది. దాన్నే మూసుకుంటుంది. జోనాకు మాత్రం ఏమీ చెప్పలేదు. ఆట ముందు వాడి మనసు పాడుచెయ్యడమెందుకు?

స్కౌట్ మళ్లీ వచ్చిన ఆదివారం దీనమ్మ జెండా దగ్గరకు పోలేదు. క్లబ్బు గది ముందు, గుంపు వెనకాల, చూరు నీడలో నిలబడి మఫ్లరు నోటిదాకా లాక్కుంది. కాసేపటికి కాత్రిన్ పక్కకొచ్చి ఆగింది. వేడి కాఫీ కప్పు చేతికిచ్చింది. హోల్గర్ అందరికీ చెప్పినట్టున్నాడు. "మాకు తెలియక..." అని మొదలుపెట్టి, మాట మార్చి వాతావరణం గురించి మాట్లాడింది. ఇంకో తండ్రి వృద్ధాశ్రమంలో తన తల్లికి చోటు దొరుకుతుందా అని అడిగాడు. పదేళ్లుగా కోరుకున్న మనుషులు చుట్టూ ఉన్నారు. దీనమ్మ జవాబులు చెబుతూనే ఉంది. కళ్లు మాత్రం మైదానం మీదే.

జోనాకు బంతి అందింది. దీనమ్మ పళ్లు బిగించింది. వాడు జెండా వైపు చూశాడు. అక్కడ ఖాళీ. మళ్లీ బంతి అందినప్పుడు మళ్లీ చూశాడు. ఆ తర్వాత చూడటం మానేశాడు. ఆడాడు. బాగానే ఆడాడు, గోల్ కూడా కొట్టాడు. జట్టంతా వాడి మీద పడి అరిచింది. ఆటంతా ఒక్కసారి కూడా వాడి ఎడమ చెయ్యి లేవలేదన్న సంగతి దీనమ్మ గమనించింది. హోల్గర్ కసిరీ కసిరీ మాన్పించాడనుకుంది.

ఆట అయ్యాక హోల్గర్ కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. వస్తున్న తీరులోనే జవాబుంది.

"తీసుకోరట. పొట్టి అన్నాడు. అలాంటివాళ్లు వాళ్లకు ఇద్దరున్నారట."

"నా అరుపుల సంగతి చెప్పావా?"

"చెప్పాను." హోల్గర్ ఇబ్బందిగా గడ్డం గీరుకున్నాడు. "ఏ తల్లి అన్నాడు. ఆయనకు గుర్తు కూడా లేదు డీనా."

గుర్తు కూడా లేదు. తన గొంతు కొడుకు బతుకును పాడు చేసిందనుకుని కుమిలిపోయిన మనిషికి అది ఊరటే కావాలి. కానీ దీనమ్మకు ఊరట కలగలేదు. ఆ పెద్దమనిషి వాడి గోల్స్ చూడలేదు, తన కేక వినలేదు. తల్లినీ బిడ్డనూ ఇద్దర్నీ ఒక కొలబద్దతో కొలిచి వెళ్లిపోయాడు. ఉత్తపుణ్యానికి నోరు కుట్టేసుకున్నానే అనిపించింది. కాత్రిన్ ఇచ్చిన కాఫీ చేతిలోనే చల్లారిపోయింది.

కారులో జోనా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. జుట్టు ఇంకా తడిగా ఉంది. ఆపిల్ తోట దాటాక అడిగాడు, తెలుగులోనే.

"అమ్మా, నువ్వివాళ ఆటకి రాలేదా?"

దీనమ్మ స్టీరింగు గట్టిగా పట్టుకుంది. "వచ్చాను. అందరితో వెనక నిలబడ్డా."

"రాలేదనుకున్నా. వినపళ్లా" అన్నాడు.

ఇక దాచలేక చెప్పేసింది. హోల్గర్ అన్నది, స్కౌట్ అడిగింది, నైన్ సంగతి, అంతా. చెప్పి, "నీకెవరూ ఎప్పుడూ అనలేదా నాయ్‌నా, మీ అమ్మ ఎందుకట్టా అరుస్తదని?" అని అడిగింది.

"యా, ఇష్ వైస్" అన్నాడు జోనా. తనకు తెలుసని. "చిన్నప్పటి నుంచి అంటారు. సెకండ్ క్లాసులో లెనార్ట్ అడిగాడు, మీ అమ్మకి నువ్వు గోల్ కొడితే ఇష్టం లేదా అని."

"మరి నాతో చెప్పవేందిరా!"

"చెప్తే మానేస్తావ్ కదా."

దీనమ్మ బండి పక్కకు తీసి ఆపింది. ఏడుపు ఆగలేదు. వాడు కంగారుపడ్డాడు. వాడికి తెలుగు మాటలు తక్కువ. ఉన్నవి కూడగట్టుకున్నాడు.

"నాకు నైన్ అని ఎప్పుడూ వినపళ్లేదమ్మా. అందుకే కదా చెయ్యెత్తేది. విన్నా అని."

వెనకనించి ఏదో కారు హారన్ కొట్టి పక్కనుంచి పోయింది. పదేళ్లు. ఎవరూ పక్కన నిలబడని ఆ జెండా దగ్గర తాను ఒంటరిగా ఉన్నాననుకుంది. అన్నిసార్లూ వాడు జవాబిస్తూనే ఉన్నాడు. తనే చూసుకోలేదు.

ఆ వారం జోనా కరెంటు పని నేర్చుకోవడానికి దరఖాస్తు పెట్టాడు. ముఖం దించుకుని, తండ్రి పక్కన కూర్చుని పూర్తి చేశాడు. బంతి మంచం పక్కనుంచి అలమర కిందికి పోయింది. దీనమ్మ చూసి చూడనట్టు ఊరుకుంది. సీజన్‌లో ఇంకా ఆటలు మిగిలున్నాయి, అవి ఆడేస్తానన్నాడు.

తర్వాతి ఆదివారం సన్నగా వాన. స్కౌట్ లేడు, ఎవరూ లేరు. క్లబ్బు గది చూరు కింది నుంచి కాత్రిన్ కప్పు పైకెత్తి చూపి, రమ్మని పిలిచింది. అక్కడ పొడిగా ఉంది. వెచ్చగా ఉంది. పక్కన నిలబడే మనుషులున్నారు. దీనమ్మ చెయ్యూపి, తలూపి, వానలోనే కడ్డీ వెంట నడిచి తన చోటుకు పోయింది. ఆమెకూ వాళ్లకూ మధ్య మళ్లీ అదే ఖాళీ. అవతల వాళ్లకు హోల్గర్ అర్థం చెప్పాడు కానీ, ఒక అర్థం చెప్పినంత మాత్రాన చెవులు మారవని ఆమెకు తెలుసు. ఇప్పుడు తన చెవికి కూడా నాయ్‌నా, నైన్ రెండూ కలిసే వినిపిస్తాయని తెలుసు. అదే ఆమెకు భయంగా ఉంది. నోరు తెరిస్తే ఏ మాట వస్తుందో.

మైదానం మధ్యలోంచి ఎవరో బంతిని ఎడమ పక్కకు కొట్టారు. జోనా ముఖం బంతి వైపే ఉంది. ఈసారి జెండా వైపు చూడలేదు. చూసి చూసి మానేసిన పిల్లాడిలా భుజాలు వంచుకుని నిలబడ్డాడు.

దీనమ్మ మఫ్లరు కిందికి లాగింది.

"నాయ్‌నా!"

కాఫీ కప్పుల దగ్గర కొందరు తలలు తిప్పారు. బంతి ఇంకా వాడి కాళ్ల దగ్గరకు రానే లేదు. ఎడమ చెయ్యి మాత్రం లేచింది.